కడుపు లోపలి పొరకు అండగా ఉండే జిగురులు, పొడులు: తయారీ, కొలతలు, పొరపాట్లు

మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు ఏ ఊరికి పోయినా నడుం పట్టేసినవాళ్లు, మోకాళ్లు వంగనివాళ్లు కనిపిస్తారు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఎముకలవి. మంచినీళ్లు ఇంటికొచ్చినా పాత నొప్పి పోలేదు, దానికోసం వాడే గోలీలూ పోలేదు. పాలమూరు నుంచి మట్టి పనికి, మేస్త్రీ పనికి వలసపోయేవాళ్లదీ ఇదే తీరు. పొద్దుగాల పరిగడుపున ఒక చాయ్, దాని వెంట ఒక నొప్పి గోలీ, ఇగ పనిలోకి. కొన్నాళ్లకు రొమ్ము కింద మంట, పుల్లటి తేన్పులు, అర్ధరాత్రి కడుపులో కోసినట్టు నొప్పి. అప్పుడు అవిసె నీళ్లు, కలబంద, అతిమధురం గుర్తొస్తాయి.

వీటిలో పనికొచ్చేవి ఉన్నాయి. అయితే ఒక్కోదాన్ని తయారుచేసే తీరు ఒక్కో రకం. ఒకటి మరిగిస్తేనే దిగుతుంది, ఇంకోటి మరిగిస్తే చెడుతుంది. ఆ తేడా తెలియక అన్నింటినీ కషాయం కాచి తాగడం వల్లే సగం మందికి ఫలితం కనిపించదు. మిగతా సగానికి కారణం గోలీ. అది ఆగకుండా చెంబెడు జిగురు తాగినా ఒరిగేది తక్కువ. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

నొప్పి గోలీ కడుపును ఎలా చెడగొడుతుంది

కడుపులో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది, దాని పీహెచ్ 2 చుట్టూ ఉంటుంది. అంత ఘాటు రసం కడుపు గోడను తినేయకుండా ఆపేది గోడ మీద పరుచుకున్న జిగట పొర. ఆ పొరలో సోడా ఉప్పు జాతి బైకార్బొనేట్ కలిసి ఉంటుంది. అందుకే పొర పైభాగంలో ఆమ్లం ఘాటుగా ఉన్నా అడుగున, అంటే గోడ కణాల దగ్గర, దాదాపు మామూలు నీళ్లలా ఉంటుంది. పైకణాలు కూడా కొద్ది రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. జిగట ఊరాలన్నా, గోడకు రక్తం సరిగా అందాలన్నా ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు ఉండాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, యాస్పిరిన్ లాంటివి నొప్పిని తగ్గించేది ఈ ప్రోస్టాగ్లాండిన్లను ఆపే. మోకాలిలో ఆగితే మేలు. కడుపులోనూ ఆగుతాయి కాబట్టి అక్కడ పొర పలచబడుతుంది.

ఇది రక్తం ద్వారా జరిగే పని. "గోలీ పడదు, సూది వేయించుకుంటే కడుపుకు తగలదు" అని ఊళ్లలో చాలామంది నమ్ముతారు. సూది వేయించుకున్నా మందు రక్తంలోకే పోతుంది, కడుపు పొర మీద అదే దెబ్బ పడుతుంది. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం, మంట కొంత తగ్గుతాయి గానీ పుండు పడే అవకాశం పోదు. రెండు రకాల నొప్పి గోలీలు కలిపి వేసుకోవడం, వాటితోపాటు స్టెరాయిడ్ సూది, పైన కల్లో సారాయో అయితే ఇంకా ప్రమాదం.

చేయాల్సింది ఇది. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుందా అని డాక్టరును అడగండి. అది కడుపు పొరను ఇంతగా దెబ్బతీయదు. కాకపోతే రోజూ కల్లు, సారాయి తాగేవాళ్లకు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు దాని మోతాదు విడిగా చూడాలి. డైక్లోఫెనాక్ తప్పదంటే ఎన్ని రోజులో లెక్క పెట్టించుకోండి, తోడుగా ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ లాంటిది అవసరమా అని అడగండి. గుండె కోసం రాసిన చిన్న యాస్పిరిన్‌ను మాత్రం కడుపు మంట అని మీ అంతట మీరు ఆపొద్దు. ఆపితే గుండెకు ముప్పు, డాక్టరుతో మాట్లాడే మార్చాలి.

ఇవి ఉంటే వంటింటి వైద్యం వద్దు

విరేచనం తారులా నల్లగా, జిగటగా, ఘాటైన వాసనతో వస్తే లోపల రక్తం కారుతున్నట్టు లెక్క. ఐరన్ గోలీలు వేసుకునేవాళ్లకూ నల్లగా వస్తుంది గానీ తారులా అంటుకోదు. అయినా అనుమానంగా ఉంటే ఆసుపత్రికే పోవాలి. రక్తం వాంతి, కాఫీ పొడి కలిపినట్టున్న వాంతి, మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగని వాంతులు, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలైన మంట ఉన్నా ఎండోస్కోపీ, అంటే సన్నటి గొట్టంతో కడుపు లోపల చూసే పరీక్ష, చేయించాల్సిందే. కడుపు ఒక్కసారిగా బండలా గట్టిపడి కదలలేనంత నొప్పి వస్తే పుండు చిల్లు పడి ఉండొచ్చు. ఏమీ తాగించకుండా 108కి ఫోన్ చేయండి. మంట ఎడమ చేతికో, దవడకో పాకి చెమటలు పడితే అది గ్యాస్ కాకపోవచ్చు, గుండెపోటు కావొచ్చు. దానికి సోడా తాగించి గంటలు పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో.

ఇంకొకటి, హెలికోబ్యాక్టర్ పైలోరీ. బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా వైద్యులు 1982లో ఈ క్రిమిని పెంచి చూపించారు, 2005లో నోబెల్ అందుకున్నారు. ఎన్నో పుళ్లకు మూలం ఇదే. దీనికి సాధారణంగా 14 రోజుల యాంటీబయాటిక్ కోర్సు ఇస్తారు. ఏ ఆకు పసరూ, ఏ జిగురూ దీన్ని పూర్తిగా తుడిచిపెట్టదు. మంట తగ్గినట్టే తగ్గి నెల నెలా తిరిగొస్తుంటే మలం పరీక్షో, ఊపిరి పరీక్షో చేయించుకోవాలి. పరీక్షకు ముందు పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి రెండు వారాలు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాలు ఆపి ఉండాలి. లేకపోతే క్రిమి ఉన్నా లేదని వస్తుంది. ఆ ఆపడం కూడా డాక్టరు చెప్పాకే.

అవిసె జిగురు

అన్నింటిలోకీ సులువు, ఖర్చు తక్కువ, మొదట ప్రయత్నించాల్సింది ఇదే. గోధుమ రంగులో నున్నగా, బల్లపరుపుగా మెరిసే నూనె గింజలు కావాలి. పెరట్లో పువ్వు కూరకు పెంచే అవిసె చెట్టుకూ వీటికీ సంబంధం లేదు, పేరొక్కటే ఒకటి.

గింజలు 20 గ్రాములు, అంటే పెద్ద చెంచాతో రెండు. నీళ్లు 400 మిల్లీలీటర్లు, రెండు గ్లాసులు. గింజల్లో రాళ్లు, మట్టి ఏరండి గానీ నీళ్లలో నానబెట్టి కడగొద్దు. జిగురు ఉండేది గింజ పైపొట్టులోనే, కడిగిన నీళ్లతో అది పోతుంది. దంచొద్దు, మిక్సీ పట్టొద్దు. దంచితే నూనె బయటికొచ్చి జిగురు జిడ్డవుతుంది, ఒక్క రోజుకే చెడిన నూనె వాసన వేస్తుంది.

చల్లటి నీళ్లలో గింజలు వేసి పొయ్యి మీద పెట్టి, పొంగు రాగానే మంట తగ్గించండి. నురుగు పొర్లుతుంది కాబట్టి గిన్నె సగానికి మించి నిండకూడదు. పది పన్నెండు నిమిషాలు, అడుగంటకుండా గంటెతో కలుపుతూ ఉండండి. ఆరేడు నిమిషాలకు నీళ్లు కోడిగుడ్డు తెల్లసొనలా చిక్కబడడం మొదలవుతుంది. గంటె పైకెత్తి చూడండి. చివర బొట్టు తెగి టపటపా పడుతుంటే ఇంకా కాలేదు. బొట్టు వెంట సన్నటి తీగ సాగి, మధ్యలో తెగి, మళ్లీ గంటెకే ముడుచుకుంటే అయిపోయినట్టు. వెంటనే దించి, వేడి వేడిగా ఉన్నప్పుడే స్టీలు జాలీలో వడకట్టాలి. చల్లారనిస్తే జాలీలోంచి దిగదు, గింజా జిగురూ కలిసి ముద్దవుతుంది. ఎక్కువసేపు కాచినా అంతే. అలా అయితే మరో అర గ్లాసు వేడినీళ్లు పోసి కలిపి వడకట్టుకోవచ్చు, పారబోయనక్కర్లేదు. మిగిలిన గింజలు జొన్నరొట్టె పిండిలో కలిపేయండి.

సుమారు గ్లాసున్నర వరకు జిగురు వస్తుంది. భోజనానికి ఇరవై ముప్పై నిమిషాల ముందు అర గ్లాసు, గోరువెచ్చగా, రోజుకు రెండుసార్లు. మొదటి రెండు మూడు రోజులు సగమే తాగండి, లేకపోతే కడుపుబ్బరం వస్తుంది. ఆ రోజంతా నీళ్లు సరిపడా తాగాలి. ఫ్రిజ్‌లో ఒక రోజుకు మించి ఉంచొద్దు. ఏప్రిల్, మే ఎండల్లో బయట పెడితే మధ్యాహ్నానికే పులుస్తుంది. ఉప్పు, నిమ్మరసం, తేనె కలపనక్కర్లేదు. రుచి సహించకపోతే చిటికెడు జీలకర్ర పొడి చాలు.

ఇది పుండును మాన్పే మందు కాదు. గోడ మీద పలచగా పరుచుకుని ఆమ్లం నేరుగా తగలకుండా కొంతసేపు అడ్డుపడుతుంది, అంతే. ఆ కొంతసేపు పొరకు ఊపిరి పీల్చుకునే వ్యవధి.

బెండ నీళ్లు, మెంతులు, సబ్జా, బంకలు

అవిసెకు వేడి కావాలి, బెండకు వద్దు. లేత బెండకాయలు నాలుగైదు కడిగి, తుడిచి, నిలువుగా చీల్చి, ఒక గ్లాసు నీళ్లలో ఆరేడు గంటలు ఫ్రిజ్‌లో నానబెడితే జిగురు దిగుతుంది. ముదురు కాయలో పీచు తప్ప జిగురు ఉండదు. బెండ నీళ్ల గురించి గొప్పగా చెప్పేవాళ్లు చాలామంది గానీ, వంట చేసేవాళ్లకు ఒక సంగతి తెలుసు. బెండకాయ కూరలో జిగురు తగ్గాలంటే చింతపండు పులుసో, మజ్జిగో పోస్తాం. పులుపు తగిలితే బెండ జిగురు పలచబడుతుంది. కడుపులో ఉన్నదీ పులుపే. అందుకే దీన్ని అవిసె తర్వాతి మెట్టు మీద ఉంచాలి. ఇంట్లో బెండ ఉంటే తాగండి, దీన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

మెంతులు ఒక చిన్న చెంచా, 4 లేదా 5 గ్రాములు, రాత్రి అర గ్లాసు నీళ్లలో నానేసి పొద్దున అదే నీళ్లతో మెత్తగా రుబ్బి తాగాలి. మెంతి జిగురు గింజ లోపలి పొరలో ఉంటుంది కాబట్టి ఉత్త నానబెట్టిన నీళ్లు వంచుకుంటే దిగేది కొంచెమే. భోజనానికి అరగంట ముందు తాగితే ఛాతీ మంటకు ఉపశమనం ఇస్తుంది. చెమటకు, మూత్రానికి మెంతి వాసన వస్తుంది, భయపడక్కర్లేదు. షుగర్ గోలీలు వేసుకునేవాళ్లకు చక్కెర ఇంకా దిగొచ్చు, చూసుకుంటూ ఉండాలి. గర్భిణులు ఇంత మోతాదులో రోజూ వాడొద్దు.

సబ్జా ఒక చిన్న చెంచా, గ్లాసు నీళ్లు, ఇరవై నిమిషాలు. గింజ చుట్టూ తెల్లటి గూడు పూర్తిగా ఉబ్బాకే తాగాలి. పొడి గింజలు నోట్లో వేసుకుని నీళ్లు తాగితే గొంతులోనే ఉబ్బి అడ్డుపడతాయి. ముసలివాళ్లకు, పిల్లలకు అసలు అలా ఇవ్వొద్దు.

నల్లమలలో అచ్చంపేట, అమ్రాబాద్ వైపు చెంచులు సేకరించే తపసి బంక నీళ్లలో కరగదు, ఉబ్బుతుంది. తుమ్మ బంక పూర్తిగా కరిగిపోతుంది, కొంచెం వేస్తే నీళ్లు పెద్దగా చిక్కబడవు. కడుపులో పూత కావాలనుకుంటే తుమ్మ బంక వల్ల పెద్దగా లాభం లేదు. తపసి బంక వాడితే గోధుమగింజంత ముక్కలు రెండు మూడు, గ్లాసున్నర నీళ్లలో రాత్రంతా ఉబ్బనిచ్చి, బెరడు ముక్కలు తీసేసి తాగాలి. సబ్జా విషయంలో చెప్పిన జాగ్రత్త దీనికీ వర్తిస్తుంది. మలబద్ధకం ఉన్నవాళ్లకు కొంత వదులుగా అవుతుంది కూడా.

పచ్చి అరటికాయ పొడి

జిగురులు పూత పూస్తాయి. పచ్చి అరటి పని వేరు, ఇది గోడనే మందంగా చేస్తుందని ఎలుకల మీద తేలింది. 1984లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఫార్మకాలజీ అనే పత్రికలో వచ్చిన పరిశోధనలో యాస్పిరిన్ ఇచ్చిన ఎలుకలకు పచ్చి కూర అరటి పొడి పెడితే పుళ్లు పడకుండా ఆగాయి, అప్పటికే పడ్డవి మానాయి కూడా. లోపలి పొర పెరుగుదలను అది పురిగొల్పుతుందన్నది వాళ్ల మాట. అంతకు చాలా ముందు నుంచే మన దేశంలో, ముఖ్యంగా కాశీలో, దీని మీద పని జరిగింది. పొడికి ఆ గుణం పచ్చికాయలోనే ఉంటుంది. పండితే పోతుంది.

కాబట్టి కాయ ఎంపికే సగం పని. కూరకు వాడే రకం కావాలి, బొంత అరటి దొరికితే మంచిది. చక్కెరకేళి, అమృతపాణి పచ్చికాయలు దీనికి బదులు కావు. కాయ మొత్తం ముదురాకుపచ్చగా, గోరు గుచ్చితే పాలు కారేలా ఉండాలి. ఎక్కడైనా పసుపు తిరిగితే కూరకు తీసేయండి. సంతలో కార్బైడ్ పెట్టిన గెలలు మగ్గే దారిలో ఉంటాయి, వాటితో పొడి తియ్యగా వస్తుంది. పొడి తియ్యగా ఉందంటే పిండి చక్కెరగా మారినట్టే.

కిలో కాయలకు తొక్క తీశాక 600 గ్రాముల చిల్లర గుజ్జు, ఆరాక 200 గ్రాముల దాకా పొడి వస్తుంది. చేతులకు నూనె రాసుకుని తొక్క తీయండి, పాల మరక పోదు. రెండు మూడు మిల్లీమీటర్ల మందంలో చక్రాలు కోయండి, చిప్స్ కట్టె ఉంటే పని తేలిక. కోసినవి నల్లబడకుండా ఉప్పు కలిపిన మజ్జిగ తేటలో ముంచి తీయండి. ముంచి తీయడమే, అరగంట వదిలేస్తే సారం అందులోకి దిగిపోతుంది. పలచటి నూలు బట్ట మీద ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, పైన ఇంకో పలచటి బట్ట కప్పి గాలి ఆడే చోట ఆరబెట్టండి.

పాలమూరులో ఫాల్గుణం దాటాక ఎండ, పొడిగాలి ఉంటాయి కాబట్టి ఒకటిన్నర రెండు రోజుల్లో ఆరిపోతాయి. ముసుర్లో చేయొద్దు. రెండో రోజుకే చక్రాల అంచున బూడిద రంగు నూగు వస్తుంది. అది బూజు, దులిపి వాడేది కాదు, మొత్తం పారేయాలి. వేయించడం, ఓవెన్‌లో గట్టిగా కాల్చడం కూడా వద్దు.

ఆరిందా లేదా అనేది మధ్యలో ఉన్న మందపాటి చక్రాన్ని తీసి చూడాలి, అంచువి కాదు. వేళ్ల మధ్య వంచితే పుటుక్కున విరగాలి. తోలులా వంగి, విరిగినచోట సన్నటి పీచు సాగితే లోపల తేమ ఉంది. ఆ తేమతో డబ్బాలో పోస్తే పది రోజుల్లో ముద్ద కడుతుంది, ముక్కిన వాసన వస్తుంది. బాగా ఆరినవి మిక్సీలో కొద్దికొద్దిగా, ఆపి ఆపి తిప్పండి. జార్ వేడెక్కితే ఆగండి. జల్లెడ పట్టి, గాజు సీసాలో మూత బిగించి పెట్టండి. రెండు నెలల్లో వాడేయాలి.

మోతాదు 5 గ్రాములు, సుమారుగా ఒక చిన్న చెంచాన్నర, రోజుకు రెండుసార్లు భోజనానికి ముందు. గోరువెచ్చటి నీళ్లలోనో పలచటి మజ్జిగలోనో ఉండలు లేకుండా కలిపి తాగాలి. మరిగించి జావ చేస్తే పిండి ఉడికి గంజి అవుతుంది, అది తిండి, మందు పొడి కాదు. కొందరికి మలబద్ధకం చేస్తుంది. వాళ్లు పొద్దున అవిసె, రాత్రి అరటి అని పంచుకుంటే సరిపోతుంది. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు దీన్ని ముట్టుకోవద్దు.

అతిమధురం: తులం తూచినట్టు వాడాల్సింది

పొర మీద నిజంగా పనిచేసే వేళ్లలో అతిమధురం ముందుంటుంది. దీనిలోని సారం నుంచే కార్బెనాక్సోలోన్ అనే అల్సర్ మందు తయారై 1960లలో ఇంగ్లండులో వాడుకలోకి వచ్చింది. అది వెనక్కి పోవడానికి కారణమూ ఈ వేరులోనే ఉంది. గ్లిసరైజిన్ అనే తీపి పదార్థం ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెడుతుంది, పొటాషియంను తోడేస్తుంది. బీపీ పెరుగుతుంది, చీలమండలు వాస్తాయి, పిక్కలు పట్టేస్తాయి, ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది.

పెద్దవాళ్లు రోజుకు 100 మిల్లీగ్రాములకు మించి గ్లిసరైజిన్ తీసుకోవద్దని యూరప్ నిపుణుల సూచన. వేరులో అది నూటికి 5 పాళ్లు ఉందనుకున్నా 2 గ్రాముల వేరుతోనే ఆ గీత దగ్గరికి చేరతాం. కాబట్టి రోజుకు 2 గ్రాములు, ఒకేసారి. నాలుగు వారాలు దాటొద్దు. నలగ్గొట్టిన వేరు 2 గ్రాములు గ్లాసు నీళ్లలో సన్న మంట మీద సగమయ్యే దాకా కాచి, వడకట్టి, గోరువెచ్చగా తాగాలి. కాసేటప్పుడు సబ్బు నురుగులా పొంగుతుంది, అది వేరు స్వభావమే. అసలు వేరు విరిస్తే లోపల పసుప్పచ్చగా, పీచు పీచుగా ఉంటుంది, తీపి నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది. దీని పేరుతో గురివింద వేరు అంటగట్టడం పాత అలవాటు. గురివింద గింజ ప్రాణం తీసే విషం, ఆ తీగ జోలికే పోవద్దు. పొడి కన్నా కట్టె కొనమనేది ఇందుకే, కట్టెను చూసి గుర్తుపట్టొచ్చు.

బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, ఒంట్లో నీరు పోయే గోలీలు లేదా డిగాక్సిన్ అనే గుండె మందు వాడేవాళ్లు, గర్భిణులు అతిమధురం వాడొద్దు. గ్లిసరైజిన్ తీసేసిన అతిమధురం గోలీలు మందుల షాపుల్లో అడిగితే దొరుకుతాయి. వాటికి ఈ బాధ చాలావరకు లేదు, భోజనానికి ముందు నమిలి మింగాలి.

కలబందలో పారబోయాల్సింది

కలబంద ఆకు కోయగానే తొక్క కింద నుంచి పసుపు రసం కారుతుంది. అది విరేచనాల మందు, కడుపు మెలిపెడుతుంది. మట్ట అడుగున కోసి, కోసిన వైపు కిందికి పెట్టి గ్లాసులో ఇరవై నిమిషాలు నిలబెట్టండి. పసుపు రసం కారిపోయాక రెండు వైపులా ముళ్లు, పైన కింద తొక్క మందంగా చెక్కేయండి. మిగిలిన గాజు లాంటి గుజ్జును రెండు మూడుసార్లు కడగండి. నాలుక కొసకు తాకిస్తే చేదు తెలియకూడదు, తెలిస్తే మళ్లీ కడగాలి. పది మిల్లీలీటర్లు, రెండు చిన్న చెంచాలు, రోజుకోసారి చాలు. తొక్కతో సహా మిక్సీ పట్టి గ్లాసుల కొద్దీ తాగడం మంచి పద్ధతి కాదు. ఆకు మొత్తంతో తీసిన సారాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చేర్చింది. గర్భిణులకు అసలు వద్దు.

క్యాబేజీ, పసుపు: లెక్క చూసుకోవాలి

క్యాబేజీ రసం కథ 1949 నాటిది. అమెరికాలో గార్నెట్ చెనీ అనే డాక్టరు 13 మంది అల్సర్ రోగులకు రోజుకు లీటరు పచ్చి క్యాబేజీ రసం తాగించి, పుళ్లు తొందరగా మానాయని రాశాడు. రసం తాగనివాళ్లతో పోల్చి చూసింది లేదు, అది గుర్తుంచుకోవాలి. ఉడికిస్తే అందులోని సారం పోతుంది కాబట్టి పచ్చిదే కావాలి. లీటరు రసానికి రెండు కిలోల పైనే గడ్డ పడుతుంది, దాంతో వచ్చే ఉబ్బరం సంగతి చెప్పక్కర్లేదు. పై ఆకులు నాలుగు తీసేసి, ఉప్పు నీళ్లలో నానబెట్టి కడిగిన గడ్డతో పావు లీటరు దాకా ప్రయత్నించొచ్చు. థైరాయిడ్ తక్కువ ఉన్నవాళ్లకు రోజూ వద్దు.

పసుపు విషయంలో 2023లో థాయ్‌లాండ్ పరిశోధన ఒకటి బాగా ప్రచారమైంది. రోజుకు 2 గ్రాముల కర్కుమిన్ తీసుకున్నవాళ్లకు అజీర్తి బాధ ఒమెప్రజోల్ వాడినవాళ్లకు తగ్గినంత తగ్గింది. మన పసుపులో కర్కుమిన్ నూటికి 3 పాళ్లు అనుకుంటే, 2 గ్రాములకు 60 గ్రాముల పైన పసుపు తినాలి. చిటికెడు పసుపు వేసిన పాలతో అది రాదు. పైగా పాలు తాగిన వెంటనే చల్లగా అనిపించినా తర్వాత ఆమ్లం ఇంకా ఎక్కువ ఊరుతుంది. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు కర్కుమిన్ గోలీలు వాడొద్దు. మిరియాల సారం కలిపిన కర్కుమిన్ గోలీలతో కొందరికి కాలేయం దెబ్బతిన్న సంఘటనలున్నాయి.

ఎలుకల పరిశోధనలకూ ఇదే లెక్క. "ఫలానా ఆకు సారం అల్సర్‌ను ఆపింది" అని చదివినప్పుడు ఎంత ఇచ్చారో చూడండి. ఎలుకకు కిలో బరువుకు 500 మిల్లీగ్రాములు అంటే మనిషి లెక్కకు దాన్ని సుమారు ఆరుతో భాగించాలి. 60 కిలోల మనిషికి దాదాపు 5 గ్రాముల చిక్కటి సారం. ఎండుటాకులో పదో వంతు సారం దిగుతుందనుకుంటే రోజుకు 50 గ్రాముల ఎండుటాకు. కరివేపాకైనా, మునగాకైనా అంత తినడం ఎవరి వల్లా కాదు. ఆ ప్రయోగాల్లో ఎక్కువ భాగం సారం ముందు తాగించి గంట తర్వాత ఆల్కహాల్ పోసి పొరను కాల్చినవే. ముందు కాపాడడం వేరు, పడ్డ పుండు మానడం వేరు.

వేళలు

ఒకేసారి నాలుగు రకాలు మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది ఉబ్బరం చేసిందో తెలియదు. అవిసె జిగురు పది రోజులు చూడండి. చాలకపోతే అరటి పొడి చేర్చండి. అతిమధురం అవసరమైతేనే, బీపీ చూయించుకున్నాకే. ఇవి వాడే రోజుల్లో పరిగడుపు చాయ్ మానాలి. పండుమిరపకాయ తొక్కు, పచ్చిపులుసు మంట తగ్గేదాకా పక్కన పెట్టాలి. బత్తాయి రసం తాగితే భోజనం తర్వాతే. తైద అంబలి, జొన్న గటక, పలచటి మజ్జిగ నిరభ్యంతరం. రాత్రి తిన్నాక రెండు మూడు గంటలు పడుకోవద్దు.

జిగురు కడుపు గోడను కప్పినట్టే గోలీనీ కప్పుతుంది. బీపీ, షుగర్, ఫిట్స్ గోలీలకూ జిగురుకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ గోలీ అయితే నాలుగు గంటలు. పొద్దున ఆరింటికి థైరాయిడ్ గోలీ వేసుకునేవాళ్లు జిగురును మధ్యాహ్నం భోజనం ముందుకు, రాత్రి భోజనం ముందుకు జరుపుకోవాలి. పాంటోప్రజోల్ రాసి ఉంటే అది టిఫిన్‌కు అరగంట ముందు నీళ్లతో ఒంటరిగా పోవాలి, జిగురుతో కాదు. రెండు మూడు వారాలు ఇలా చేశాక కూడా రాత్రుళ్లు మంటతో మెలకువ వస్తుంటే జిల్లా ఆసుపత్రిలో కడుపు డాక్టరుకు చూపించుకోండి. పోయేటప్పుడు ఇంట్లో ఉన్న గోలీల రేకులన్నీ, అతిమధురం కట్టెతో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.